జగన్నాధం మాస్టారు చదవని పుస్తకం

నరసన్నపేట బజారులో బట్టల కొట్ల వరస దాటాక, నూనె గానుగ పక్కన ఒక పెంకుటింట్లో పఠన మందిరం ఉండేది. దాన్ని పెట్టిన షావుకారు ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు నరసింగరావు కార్యదర్శి. ముందు గదిలో పేపర్లు, వారపత్రికలు. వెనక గదిలో బీరువాల నిండా పాత పుస్తకాలు. ఊళ్ళో ఎవరింట్లో పెద్దవాళ్ళు పోయినా, వాళ్ళు చదువుకున్నవి మూటగట్టి తెచ్చి ఇక్కడ పడేసేవారు. వాటి జోలికి ఎలకలు తప్ప ఎవరూ వెళ్ళేవారు కాదు.

ఆ బీరువాలు తెరిచినవాడు జగన్నాధం మాస్టారు. బోర్డు స్కూల్లో తెలుగు చెప్పేవాడు. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, సైకిలెక్కితే మోకాళ్ళు హాండిలుకి తగిలేవి. అరవై ఆరులోనో ఏడులోనో ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఎవరికీ తెలియని ఒక పాత పుస్తకం తీసి, దాన్ని చదివినవాళ్ళు ఏమనుకున్నారో నలుగురిలో చెప్పాలి. పండితులే చెప్పాలని లేదు, ఎవరైనా చెప్పొచ్చు.

మొదట్లో నలుగురైదుగురు వచ్చేవారు. తరవాత తరవాత బెంచీలు చాలక గుమ్మంలో నిలబడేవారు. పశువుల రోగాలకి పద్యాల్లో మందులు చెప్పిన పుస్తకం ఒకటి వచ్చినపుడు గంగరాజు అనే రైతు లేచి, "పద్యం బాగున్నాది మాస్టారూ, మందే బాగులేదు. నా ఎద్దుకి పోసినాను. నన్ను సూస్తే అది ఇప్పటికీ మొకం తిప్పుకుంటాది" అన్నాడు. టెక్కలి వైపు ఆయనెవరో రాసిన కాశీయాత్ర చదివి, రిటైరైన పోస్టుమాస్టరు కూర్మయ్యగారు, "ఈయన కాశీ వెళ్ళలేదండీ. దారిలో తిన్న ప్రతి భోజనమూ బాగుందని వెళ్ళినవాడెవడూ రాయడు" అని తేల్చేశారు. ఒక జమీందారు వంటవాడు రాసిన వంటల పుస్తకంలో ప్రతి వంటా వీశెడు నేతితో మొదలయ్యేది. దాన్ని విని గంగరాజే, "మా తాత కట్టిన శిస్తు ఎక్కడికి పోయిందో ఇన్నాళ్ళకి తెలిసింది" అన్నాడు.

అందరి మాటలూ అయ్యాక ఆఖర్న మాస్టారు మాట్లాడేవాడు. దానికోసమే సగం మంది వచ్చేవారు. ఆఖరి పేజీలు చిరిగిపోయిన ఒక అపరాధ పరిశోధన నవల గురించి, "చివరి పేజీలు లేకపోవడమే దీనిలో ఉన్న ఒకే ఒక్క సస్పెన్సు" అన్నాడు. ఆ మాట వారం రోజులు బజారంతా తిరిగింది. అలాంటి మాటలు ఆయన సైకిలు తొక్కుతూ తయారుచేసుకునేవాడు. ఇంటి నుంచి మందిరానికి వచ్చేలోపు ఒక వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నోటికి సరిపెట్టుకునేవాడు. జనం నవ్విన రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ఈల వేసుకుంటూ వెళ్ళేవాడు.

ఇంట్లో భార్య నీలవేణి. వంశధార ఒడ్డు ఊరి పిల్ల, మేనమామ కూతురు. అయిదో తరగతి దాకా చదువుకుంది. మాస్టారు సంచీలో పుస్తకాలు తెచ్చి గాదె పక్కన పెట్టేవాడు, మళ్ళీ పట్టుకెళ్ళేవాడు. మధ్యలో వాటిని ఇంకెవరైనా ముట్టుకున్నారేమోనని ఆయనకి ఎన్నడూ తట్టలేదు.

అరవై ఎనిమిది ఎండాకాలంలో మందిరం వెనక గది కప్పు కూలేలా తయారయింది. బాగుచేయించాక ఒక బీరువా ఖాళీచేసి కొత్త నవలలు పెట్టాలని నరసింగరావు పట్టుపట్టాడు. "కొత్తవి లేవని ఆడపిల్లలు తిరిగి వెళ్ళిపోతున్నారు మాస్టారూ. ఆ బీరువాలోవి మీరు చూసి, ఉంచాల్సినవి చెప్పండి. మీరు వద్దన్నవి పాత కాగితాలవాడికి వేసేద్దాం" అన్నాడు.

ఆ మాట మాస్టారికి కష్టంగానే తోచింది. అన్నీ చదివి గాని చెప్పననుకున్నాడు. చదవడం మొదలెట్టాడు కూడా. ఈలోగా పరీక్ష పేపర్లు మీద పడ్డాయి. ఆదివారాలు మాత్రం ఆగలేదు. మొదట పూర్తిగా చదివేవాడు, తరవాత సగం చదివేవాడు, ఆ తరవాత మొదలూ చివరా తిరగేసేవాడు. అలా తిరగేసినా ఎవరూ కనిపెట్టలేదు. అదే వచ్చిన చిక్కు.

ఆ బీరువాలో 'రెల్లుగడ్డి ఇల్లు' అని ఒక నవల ఉండేది. నలభై ఏళ్ళ కిందట బరంపురంలో అచ్చయింది. రాసినావిడ పేరు ఎస్. ఏసమ్మ. మాస్టారు దాన్ని ఇంటికి తెచ్చి, గాదెకి చేరబడి పట్టుమని పది పేజీలు చదివాడు. ఆడదాని సహనం గురించి, గృహిణి ధర్మం గురించి పేజీల కొద్దీ ఉపన్యాసం. కథ ఎక్కడా మొదలవలేదు. మూసి సంచీలో పడేశాడు.

ఆదివారం ఉదయం దాన్ని తీసి చూస్తే సగం దాటాక ఎక్కడో ఒక చీపురుపుల్ల ఉంది. గాదె పక్కన ఊడుస్తుంటే చిక్కుకుందేమో అనుకున్నాడు. తీసి పారేసి, పుస్తకం సైకిలుకి కట్టుకున్నాడు.

ఆ రోజు మందిరంలో ఆ పుస్తకం చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు. మాస్టారొక్కడే మాట్లాడాడు. "ఇల్లు అని పేరు పెట్టారు. గోడల్లేవు, కప్పు లేదు. ఉన్నది గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మంలో ఒకావిడ నిలబడి మనకి నీతులు చెబుతుంది. మనం లోపలికి వెళ్ళలేం, ఆవిడ అడ్డు లేవదు" అన్నాడు. బెంచీలు కదిలేలా నవ్వారు.

కూర్మయ్యగారు మాత్రం నవ్వు ఆగాక అడిగారు. "ఆఖరిదాకా అదేనా మాస్టారూ?"

మాస్టారు పుస్తకాన్ని నరసింగరావు వైపు జరిపాడు. "ఆఖరిదాకా అదే" అన్నాడు.

నరసింగరావు పుస్తకాన్ని తలుపు పక్క గోనెసంచీలో వేశాడు. మర్నాడు పాత కాగితాలవాడు వచ్చి సంచీ తూచి పట్టుకుపోయాడు.

శనివారం రాత్రి దాకా సంచీలో ఉన్న పుస్తకం కనపడక, సోమవారం అన్నం వడ్డిస్తూ నీలవేణి అడిగింది. "మావా, ఆ రెల్లుగడ్డి ఇల్లు ఏదీ?"

"ఏ ఇల్లు?"

"అదే, ఆ పుస్తకం."

"అదా? వేసేశారు, కాగితాలవాడికి. ఏం, ఎందుకు?"

"ఏటీ లేదు" అని ఆవిడ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది. పుస్తకం పేరు ఆవిడకి ఎలా తెలుసునో మాస్టారు అడగలేదు. ఆయన పప్పు కలుపుకుంటూ, వచ్చే ఆదివారం పుస్తకం గురించి ఆలోచిస్తున్నాడు.

ఆ వానాకాలం నీలవేణికి కడుపునొప్పి పట్టుకుంది. నాటుమందులు అయ్యాయి, ఊళ్ళో డాక్టరు సూదులు అయ్యాయి. చివరికి గర్భసంచి తీసెయ్యాలన్నారు. మిషను ఆసుపత్రిలో చేర్చాడు. ఆపరేషను బాగానే అయింది గాని, కుట్లు చీము పట్టి చాలా రోజులు ఉండిపోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళని సాయంత్రం ఒక్క గంట మాత్రమే రానిచ్చేవారు. బడి కాగానే మాస్టారు బస్సెక్కి వచ్చి, ఆ గంటా మంచం పక్క కూర్చుని వెళ్ళేవాడు. కూర్చున్నంతసేపూ ఇద్దరికీ పెద్దగా మాటలుండేవి కావు. "తిన్నావా?" "తిన్నాను." "నొప్పెలాగుంది?" "పరవాలేదు." అంతే.

ఒకరోజు బడికి అరపూట సెలవు వచ్చి ముందే చేరుకున్నాడు. గంట కొట్టేదాకా వార్డు బయట వరండాలో నిలబడ్డాడు. కిటికీలోంచి నీలవేణి గొంతు వినిపిస్తోంది. పక్క మంచం మీద తొడ విరిగిన గున్నమ్మ అనే రైతుమనిషి ఉండేది. ఆవిడకి నీలవేణి కథ చెబుతోంది.

మాస్టారు మొదట ఆశ్చర్యపోయాడు. నీలవేణి అంతసేపు మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు. తరవాత కథలో పడిపోయాడు.

దాలమ్మ అని ఒక మనిషి. మొగుడు పడవ నడిపేవాడు. కరువు వచ్చి, అందరితోబాటు అతనూ ఓడెక్కి రంగం పోయాడు, బర్మా దేశంలో రంగూనుకి. పోతూ పోతూ, నేను వచ్చేదాకా రేవు వదలొద్దన్నాడు. దాలమ్మ రేవు వదల్లేదు. తనే పడవ నడిపింది. నది ఒడ్డున రెల్లుగడ్డితో ఇల్లు కట్టుకుంది. వరద వచ్చిన ప్రతిసారీ ఇల్లు కొట్టుకుపోయేది. నీళ్ళు తీయగానే మళ్ళీ కట్టేది. పుట్టింటివాళ్ళు రమ్మన్నారు, వెళ్ళలేదు. ఊరివాళ్ళు నవ్వారు, పట్టించుకోలేదు. తల నెరిసింది. ఒక శ్రావణమాసంలో నది పెరుగుతుంటే, వానలో తడిసి ముద్దై, ఒక పరదేశపు ఆడమనిషి చంకలో పిల్లతో వచ్చి ఇంటి ముందు నిలబడింది. తెలుగు రాదు. నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే, దాలమ్మ మొగుడి పేరు. అతను రంగంలో పోయాడనీ, ఈ మనిషి అక్కడ అతని పెళ్ళామనీ దాలమ్మకి ఆ నిలబడ్డ తీరులోనే తెలిసిపోయింది. లోపల తడిక వేసుంది. నీళ్ళు గట్టు మీదికి వస్తున్నాయి.

అక్కడ నీలవేణి ఆగింది.

"ఊఁ, తీసిందా లేదా తడిక?" అంది గున్నమ్మ.

"తెల్దు వదినా."

"తెల్దేటి? నిన్నటికాడి నించీ సెప్తన్నావు గదే!"

"నాను సదివింది అక్కడిదాకే. పుల్లెట్టుకున్నాను. మిగతాది సోమారం సదువుదుననుకున్నాను. పుస్తకం పోనాది."

"ఎలాగ పోనాది?"

కిటికీ ఇవతల మాస్టారు ఒక అడుగు గోడవైపు జరిగాడు. చీపురుపుల్ల గుర్తొచ్చింది. దాన్ని రెండు వేళ్ళతో తీసి గుమ్మం బయటికి విసిరిన తన చెయ్యి గుర్తొచ్చింది.

"ఎలాగోలాగ పోనాది వదినా" అంది నీలవేణి. "ఎలకలు తినీసుంటాయి."

గంట కొట్టారు. మాస్టారు లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. "తిన్నావా?" అని ఆ రోజు అడగలేదు. గున్నమ్మ ఆయన్ని చూసి, "మాస్టారూ, మీరు సదువుకున్నోలు గదా, ఆ దాలమ్మ కత మీకేటైనా తెలుసునా?" అంది. నీలవేణి గోడవైపు తిరిగింది. "తెలీదమ్మా" అన్నాడు ఆయన. అది మాత్రం నిజమే.

తిరుగు బస్సులో ఆయనకి రెండు మాటలు ఒకదాని మీద ఒకటి వినపడుతూనే ఉన్నాయి. ఆఖరిదాకా అదే అని తనన్నది. ఎలకలు తినీసుంటాయి అని ఆవిడన్నది. తన అబద్ధం పదిమందిని నవ్వించడానికి. ఆవిడ అబద్ధం తనని కాయడానికి. ఊళ్ళో గంగరాజుని అడిగాడు, కూర్మయ్యగారిని అడిగాడు, దారిన పోయేవాణ్ణి పిలిచి ఈ పుస్తకం నీకెలా ఉందని అడిగాడు. ఇంట్లో మనిషిని అడగలేదు. అడగాలని తోచలేదు, అంతే. తోచకపోవడం ఎంత పెద్ద తప్పో ఆయనకి ఆ బస్సులో తెలిసింది.

మర్నాడే నరసింగరావు దగ్గరికి వెళ్ళాడు. "ఇంకెక్కడి పుస్తకం మాస్టారూ! మూటలు విశాఖపట్నం వెళ్ళిపోయాయి. ఈపాటికి అట్టపెట్టెలైపోయుంటాయి" అని ఆయన నవ్వాడు. బరంపురంలో ఆ ప్రెస్సు మూసేసి చాలా కాలమైందని తెలిసింది. తెలిసిన లైబ్రరీలన్నీ తిరిగాడు. పేరు విన్నవాళ్ళు కూడా లేరు.

చివరికి మిషను స్కూలు హెడ్మాస్టరు ఏసుదానంగారిని కలిశాడు. నవల రాసినావిడ పేరు చెప్పగానే ఆయన కళ్ళజోడు తీశాడు. "ఏసమ్మగారా! ఒకప్పుడు ఏటి ఒడ్డు ఊళ్ళన్నీ తిరిగి ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పిన మనిషండీ. ఇప్పుడు శృంగవరపుకోటలో తమ్ముడి కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆ ఆదివారం నేను చర్చిలో ఉండిపోయాను. మీరేదో అన్నారని, అందరూ బాగా నవ్వారని తరవాత విన్నాను" అన్నాడు.  మాస్టారు తలొంచుకుని వచ్చేశాడు.

నీలవేణి ఇంటికి వచ్చాక ఒక శనివారం తెల్లారగట్ల బయల్దేరాడు. విజయనగరంలో బస్సు మారి శృంగవరపుకోట చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బస్సులో అంతసేపూ, పుస్తకం చెదలు తినేసిందని చెప్పి ముగింపు అడిగి వచ్చేద్దామనే అనుకున్నాడు.

ఏసమ్మగారు జామచెట్టు కింద చాప మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు. తెల్లచీర, చిన్న ముడి, ఒక కంటికి పొర. ఫలానా ఊరినుంచి వచ్చాను, మీ నవల గురించి అనగానే ఆవిడ ముందున్న కత్తిపీట పక్కకి జరిపేశారు.

"నా పుస్తకం మీ ఊళ్ళో ఉందా నాయనా? ఎవరు చదివారు? ఏమన్నారు?"

ఆ ముఖంలో వెలుగు చూసి మాస్టారు చేతిసంచీ కింద పెట్టాడు.

"నలభై ఏళ్ళయింది అచ్చేసి" అన్నారావిడ. "బాగుందన్నవాళ్ళు లేరు, బాగులేదన్నవాళ్ళూ లేరు. ఒక్క మనిషి మాట వినలేదు. నా దగ్గరున్న ఒక్క కాపీ కూడా, ఎవరో పిల్ల చదువుతానంటే ఇచ్చేశాను. చదువుతానన్న మనిషికి లేదనలేకపోయాను. తిరిగి రాలేదు. చెప్పు నాయనా, ఏమన్నారు?"

చెదల కథ ఆయన చెప్పలేదు. నిలబడే ఉన్నవాడు చాప అంచున కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. పది పేజీలు చదివిన సంగతి, గుమ్మం గురించి అన్న మాట, జనం నవ్విన సంగతి, ఆఖరిదాకా అదే అన్న అబద్ధం, గోనెసంచీ. అన్నీ చెప్పాడు.

 ఏసమ్మగారు చింతపండు మీద ఈగలు వాలుతుంటే తోలుకుంటూ ఉండిపోయారు.

"ఆ మొదటి పేజీలు నేను రాయలేదు" అన్నారు చివరికి. "అచ్చుకి సాయం చేసిన మిషను దొరసానిగారు అవి లేకపోతే వీల్లేదన్నారు. వాటిని దాటాకే నా కథ మొదలవుతుంది. ఇంకొక్క పేజీ తిప్పి ఉంటే మీకు పడవ కనిపించేది."

"తప్పైపోయిందండీ" అన్నాడు మాస్టారు. ఇంతకన్నా పెద్ద మాట ఏదైనా ఉంటే బాగుండుననిపించింది. ఎప్పుడూ నోటికి దొరికే వాక్యం ఆవేళ ఒక్కటీ దొరకలేదు.

"అయితే ఎవరూ చదవలేదన్నమాట."

"మా ఆవిడ చదివిందండీ. బర్మా మనిషి వచ్చి తడిక ముందు నిలబడేదాకా."

ఆవిడ తలెత్తారు. "ఏమంది?"

"ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడకి కథంతా చెప్పింది. తరవాత ఏమైందో తెలీక..."

"అది కాదు. నా పుస్తకం ఆవిడకెలా ఉందంది?"

 "అడగలేదండీ."

ఏసమ్మగారి ముఖంలో అంతవరకూ కనపడని కోపం అప్పుడు కనపడింది. పుస్తకం పోయిందన్నపుడు రాని కోపం. "ముగింపు మీకు చెప్పను" అన్నారు. "బుధవారం మావాడు శ్రీకాకుళం వెళ్తాడు. వాడితో వస్తాను. నేనే ఆవిణ్ణి అడుగుతాను."

మర్నాడు ఆదివారం. మందిరంలో బెంచీలు నిండాయి. ఆ వారం పుస్తకం ఏదో జ్యోతిషం గురించి. మాస్టారు దాన్ని బల్ల మీద పెట్టి, లేచి నిలబడి, రెల్లుగడ్డి ఇల్లు తను చదవలేదని చెప్పాడు. ఇంకా కొన్నిటిని సగంలోనే వదిలేసి మాట్లాడానని కూడా చెప్పాడు.  ఎవరైనా కేకలేస్తారనుకున్నాడు. కేకలేస్తే బాగుండుననుకున్నాడు.

గంగరాజు నవ్వేశాడు. "దానికేటి మాస్టారూ! ఎవులూ సదవని పుస్తకానికి ఇంత ఇదైపోతారేటి? కానీండి, ఈ వారం సంగతి సెప్పండి."

అందరూ అవునన్నారు. నరసింగరావు సోడా తెప్పించాడు. కూర్మయ్యగారు మాత్రం కర్ర పట్టుకుని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయన ఆదివారాలకి రాలేదు.

ఆ సాయంత్రం నీలవేణి అరుగు మీద నులకమంచంలో పడుకుని ఉంది. మాస్టారు పక్కన చతికిలబడ్డాడు.

"బుధారం ఒకావిడ వస్తాది నీకోసం" అన్నాడు. బడిలో లేని యాస ఇంట్లో ఆయనకీ వచ్చేది. "ఆ పుస్తకం రాసినావిడ."

నీలవేణి లేచి కూర్చుంది. ఆయన అన్నీ చెప్పాడు, కిటికీ దగ్గర నిలబడి విన్న సంగతితో సహా. విని ఆవిడ కొంగు సర్దుకుంది.

"నీకెలాగున్నాది ఆ పుస్తకం?" అని అడిగాడు. పాతికేళ్ళ కాపరంలో మొదటిసారి.

"ఇపుడా అడగడం?"

"ఇపుడే."

"ఆవిడొస్తాది గదా. ఆవిడికే సెప్తాను."

"ఆ సోమారం నాడు నాకెందుకు సెప్పలేదు? సదువుతన్నానని ఒక్క మాట అంటే..."

"అంటే ఏటి సేద్దువు?" అంది నీలవేణి. గొంతులో కోపం లేదు. "నవ్వుదువు. ఆదివారం నాడు నలుగురికీ సెప్పి నవ్విద్దువు. నీలవేణి కూడా పుస్తకాలు సదివీస్తంది అని."

కాదని అందామనుకున్నాడు. అనలేకపోయాడు, ఎందుకంటే అలాగే చేసి ఉండేవాడు. ఏం వాక్యం కట్టి ఉండేవాడో కూడా ఆయనకి తట్టింది.

బుధవారం మధ్యాహ్నానికి ఏసమ్మగారు వచ్చారు. తమ్ముడి కొడుకు రిక్షాలో దింపి వెళ్ళిపోయాడు. నీలవేణి కాళ్ళకి నీళ్ళిచ్చి, లోపలి గదిలో చాప వేసింది. మాస్టారు కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఏసమ్మగారు గ్లాసు అందుకుని, "మీరు కాసేపు అరుగు మీద కూర్చోండి మాస్టారూ" అన్నారు.

తలుపు దగ్గరకి వేశారు గాని గడియ పెట్టలేదు. మొదటి మాటలు వినపడ్డాయి.

"సెప్పమంటే సెప్తన్నానండి, కోపం తెచ్చుకోకండి" అంటోంది నీలవేణి. "మీరెపుడూ రెల్లు కొయ్యలేదేటి?"

"లేదమ్మా. ఎందుకు?"

"దాలమ్మ ఇన్నిసార్లు రెల్లు కోసి ఇల్లు కట్టినాది, ఒక్కసారైనా సెయ్యి తెగలేదు. మా అమ్మ కోసిందండి, నానూ కోసినాను. ఆ ఆకు కత్తిలాగుంటాది. వారం రోజులు అన్నం కలుపుకోలేం. మీరు ఆ సేతులు రాస్తే, మొగుడి మీద కోపం మరి రాయక్కరలేదు."

 అరుగు మీద మాస్టారు లేచి నిలబడ్డాడు. తరవాత ఏసమ్మగారి నవ్వు వినపడింది, ముసలి గొంతు పగిలేలా పెద్ద నవ్వు. "నలభై ఏళ్ళమ్మా! ఈ మాట కోసం నలభై ఏళ్ళు కూర్చున్నాను. ఇంకా చెప్పు."

"మొగుడు ఓడెక్కినపుడు దాలమ్మ ఏడవలేదు సూడండి, అది బాగున్నాది. నానైతే ఆ తడిక..." అంటూ నీలవేణి గొంతు తగ్గించింది. ఎవరో లేచి తలుపు గట్టిగా మూశారు.

పొద్దు వాలేదాకా అలాగే ఉన్నారు. ఒకసారి ఇద్దరూ నవ్వడం, ఒకసారి ఎవరో ముక్కు చీదడం మాత్రం తెలిసింది. మాస్టారు అరుగు మీంచి కదల్లేదు. గోడకి చెవి పెడితే వినపడేదేమో గాని, ఆయన పెట్టలేదు.

సాయంత్రం ఏసమ్మగారిని బస్టాండుకి తీసుకెళ్ళాడు. దారిలో ఆవిడ దాలమ్మ మాట ఎత్తలేదు. శ్రీకాకుళం బస్సెక్కాక కిటికీలోంచి, "మీ ఆవిడ దగ్గర చాలా నేర్చుకున్నాను నాయనా. మళ్ళీ రాయగలిగితే బాగుండును, కన్ను ఆనడం లేదు" అన్నారు. ఆయన ఏదో అనబోయేలోపు బస్సు కదిలింది. మరుసటి ఏడాది ఎండల్లో ఆవిడ పోయారని ఏసుదానంగారు చెప్పారు.

దాలమ్మ తడిక తీసిందో లేదో నీలవేణి మాస్టారికి చెప్పలేదు. ఒకసారి అడిగితే, "నువ్వు సదవాల్సింది మావా" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మామూలుగా అంది. మళ్ళీ అడగలేదాయన. గున్నమ్మకి మాత్రం ఎవరో మనిషి చేత కబురు పంపించింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. గున్నమ్మ కుంటుకుంటూ వచ్చి, విని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

మందిరంలో ఆదివారాలు సాగాయి గాని పద్ధతి మారింది. మాస్టారు లేవగానే మొదట తను ఏ పేజీ దాకా చదివాడో చెప్పేవాడు. "సగమే అయింది, మిగతాది చదివాక చెబుతాను" అని కూర్చున్న ఆదివారాలు కూడా ఉన్నాయి. నవ్వించే మాటలు తగ్గిపోయాయి. జనం తగ్గిపోయారు. గుమ్మంలో నిలబడేవాళ్ళు పోయి బెంచీలు ఖాళీ అయ్యాయి. "మాస్టారికి వాడి తగ్గిపోనాది" అని బజార్లో అనుకున్నారు.

తగ్గిన మాట నిజమే. ఒక్కోసారి సైకిలు మీద తిరిగి వస్తుంటే అలవాటుగా ఒక మంచి వాక్యం నోటికి వచ్చేది. పుస్తకంలో మాత్రం ఇంకా రెండు వందల పేజీలు చదవాల్సినవి ఉండేవి. ఆయన ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి, తొక్కుకుంటూ ఇంటికి పోయేవాడు.